బాబు కుడిచెయ్యి లేవడం లేదు... తప్పెవరిది?

ఈసారి ఉత్తరం రెండో కాన్పు అయిన ఒక తల్లిది. పేరు వద్దన్నారు. ఊరు, దేశం కూడా రాయలేదు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి, వీలైనంత వరకు ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

మొదటి పాప 3.8 కిలోలు, మామూలు కాన్పు. రెండోసారి ఏడో నెలలో షుగర్ ఉందని తేలింది. చివరి స్కానింగ్‌లో బిడ్డ బరువు 4.1 కిలోలు ఉండొచ్చని రాశారు. "బిడ్డ బాగా ఎదిగాడు. మొదటిది మామూలుగానే అయింది కదా, ఇదీ అలాగే అవుతుంది" అన్నారట డాక్టర్. అంతకు మించి మాటల్లేవు. కాన్పు రోజు తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. "ఒక్కసారిగా గది నిండా మనుషులు. నా కాళ్లు పట్టుకుని పొట్టకేసి మడిచారు. ఎవరో స్టూలెక్కి కడుపు మీద నొక్కారు. డాక్టర్ లాగుతున్నారు. ఎదురుగా గోడ గడియారం ఉంది. టైము చూడాలని మాత్రం తోచలేదు" అని రాశారు. బాబు బరువు 4.4 కిలోలు. నిమిషం తర్వాత ఏడ్చాడు. కుడిచెయ్యి మాత్రం వేలాడిపోయింది.

"నరం కాస్త సాగింది, నెలలో వచ్చేస్తుంది" అని ఇంటికి పంపారు. టీకాలకు వెళ్లిన ప్రతిసారీ అడిగితే "ఓపిక పట్టండమ్మా" అన్నారు. వేళ్లు ముందునుంచీ కదిలేవి, తర్వాత మణికట్టు కదిలింది. మోచెయ్యి మడవడం మాత్రం ఐదో నెల దాటాక కొంచెం మొదలైంది. ఏడో నెలలో వేరే డాక్టర్‌కి చూపిస్తే ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "మూడో నెలకే తీసుకురావలసింది" అన్నారట. ఆ ఒక్క మాటతో ఇల్లు రెండుగా చీలింది. భర్త పోలీసు కేసు పెడదామంటున్నారు. అత్తగారేమో "మొదటి కాన్పు కూడా ఆ డాక్టరమ్మే చేసింది, ఆమె ఉసురు పోసుకోవద్దు" అంటున్నారు. తెలిసిన లాయరొకరు "గెలిస్తేనే ఫీజివ్వండి" అన్నారట.

"నేను ఆ నెలల్లో నోరు కట్టుకోలేదు. షుగర్ నావల్లే, బిడ్డ బరువు పెరగడం నావల్లే. పైగా కాన్పుకు ముందు ఏవేవో కాగితాల మీద సంతకాలు పెట్టాను. ఇప్పుడు నాకు అడిగే హక్కుందా? బాబుకు 8 నెలలు. బొమ్మ కుడివైపు పెడితే ఒళ్లంతా తిప్పి ఎడమచేత్తో అందుకుంటాడు."

*

అమ్మా,

మీరు అడిగిన వాటిలో "కేసు పెట్టాలా" అన్నది అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తోంది. దాన్ని రెండు వారాలు పక్కన పెట్టినా ఏమీ కాదు. పక్కన పెట్టకూడనిది బాబు చెయ్యి. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

మెడ దగ్గర వెన్నులోంచి ఐదు నరాల మొదళ్లు బయటికొచ్చి, ఒకదానితో ఒకటి అల్లుకుని చేతిలోకి దిగుతాయి. బిడ్డ భుజం తల్లి కటి ఎముకకు అడ్డుపడి మెడ పక్కకు సాగినప్పుడు సాధారణంగా పై రెండింటికి దెబ్బ తగులుతుంది. ఆ రెండే భుజాన్ని ఎత్తుతాయి, మోచేతిని మడుస్తాయి. వేళ్లు కదిలి, భుజం, మోచెయ్యి కదలకపోవడం అందువల్లే. దీన్ని ఎర్బ్ పాల్సీ అంటారు. నరం సాగి ఊరుకుంటే ఎక్కువమంది పిల్లల్లో దానంతటదే కోలుకుంటుంది. కాబట్టి మొదటి నెలలో "వస్తుంది, చూద్దాం" అనడం తప్పు కాదు. నరం తెగినా, వెన్ను దగ్గర మొదలే ఊడినా కథ వేరు. పైనుంచి చూస్తే మొదటి వారాల్లో సాగిన నరం, తెగిన నరం ఒకేలా కనబడతాయి. తేడా చెప్పేది కాలమే. ఏ కండరం ఏ నెలలో కదిలిందో రాసుకుంటూ పోతేనే అది తెలుస్తుంది.

తెగిన నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడనుంచి మోచేతి పైన ఉండే కండ దాకా ఎంత దూరమో మీ బాబు చెయ్యి చూసి ఊహించుకోండి. నరం వచ్చేదాకా కండరం ఎదురుచూస్తూ కూర్చోదు, క్షీణిస్తుంది. అందుకే నరాన్ని అతికే ఆపరేషన్ అవసరమైన పిల్లలకు చాలా కేంద్రాల్లో అది 3 నుంచి 9 నెలల మధ్య చేస్తారు. మీ బాబుకు 8. నేను డాక్టర్ని కాను, అతనికి ఆపరేషన్ కావాలో వద్దో చెప్పలేను. కాని ఈ నరాల అల్లిక మీదే పనిచేసే సర్జన్, ఫిజియోథెరపిస్టు కలిసి చూసే చోట ఈ వారమే అపాయింట్‌మెంటు తీసుకోండి. "వచ్చే నెల చూద్దాం" అని ఎవరన్నా ఊరుకోకండి. ఆ నెల విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. నరం ఆపరేషన్ సమయం దాటిందని తేలినా దారులు మూసుకుపోవు. తర్వాతి ఏళ్లలో కండరాల స్నాయువులను మార్చి అతికి భుజం బయటికి తిరిగేలా చేసే ఆపరేషన్లున్నాయి. ఈలోగా భుజం కీలు లోపలికి తిరిగి బిగుసుకుపోకుండా రోజూ చేయించవలసిన వ్యాయామం థెరపిస్టు దగ్గరే నేర్చుకోండి, ఫోన్‌లో వీడియోలు చూసి కాదు. ఆ కీలు సరిగ్గా కూర్చుని ఉందో లేదో స్కానింగ్ చేయించాలా అని కూడా అడగండి.

మెదడు సంగతి మీరు నేరుగా అడగలేదు గానీ "నిమిషం తర్వాత ఏడ్చాడు" అన్న మాట కింద గీత గీశారు. కేస్ షీట్‌లో 1వ నిమిషానికి, 5వ నిమిషానికి బిడ్డ ఊపిరి, గుండె, రంగు, కదలిక చూసి వేసిన ఆప్గార్ మార్కులుంటాయి. అవి తీసుకెళ్లి పిల్లల డాక్టర్‌ను, కూర్చోవడం, చూపు నిలపడం వయసుకు తగ్గట్టు ఉన్నాయా అని విడిగా అడగండి. చేతి నరం దెబ్బ, మెదడు దెబ్బ రెండూ ఒకటి కావు.

ఇక తప్పు సంగతి. మీ ఉత్తరంలో ఇదంతా ఒకే ముద్దగా ఉంది. విడదీస్తే మూడు ముడులు: కాన్పుకు ముందు మీకు చెప్పనిది, కాన్పు గదిలో జరిగింది, ఆ తర్వాత ఏడు నెలల వాయిదా. మీవారి కోపమంతా రెండోదాని మీద. నేను చూసిన ఇలాంటి ఫైళ్లలో తండ్రుల కోపం దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రుజువు చేయడం అన్నిటికంటే కష్టమయ్యేదీ అదే.

భుజం ఇరుక్కోవడం డాక్టర్ చేసిన తప్పు కాదు. షుగర్, బిడ్డ బరువు దాని అవకాశాన్ని పెంచుతాయి. కాని అలా ఇరుక్కున్న బిడ్డల్లో దాదాపు సగం మంది 4 కిలోల లోపు వాళ్లే. తల వచ్చాక భుజం ఆగిపోతే ఉండేది నిమిషాలే. ఆ నిమిషాల్లో ఏం చేయాలో ప్రసూతి సిబ్బందికి ఒక క్రమం నేర్పుతారు. తల్లి కాళ్లను పొట్టకేసి గట్టిగా మడవడం అందులో మొదటిది. మీకు అది చేశారు. తర్వాత పొత్తికడుపు కింద, ఎముకకు సరిగ్గా పైన నొక్కుతారు. అలా నొక్కితే లోపల ఇరుక్కున్న భుజం పక్కకు జరిగి జారుతుంది. కడుపు పైభాగంలో, అంటే గర్భసంచి పై కొసన నొక్కడం మాత్రం చేయకూడదు. అది భుజాన్ని ఎముకలోకి ఇంకా బిగిస్తుంది. మీరు "కడుపు మీద నొక్కారు" అని మాత్రమే రాశారు. ఎక్కడ? బొడ్డుకు పైనా, కిందా? అరచేతితోనా, మోచేతితోనా? ఒక జానెడు దూరంలో సరైన పని, చేయకూడని పని రెండూ ఉన్నాయి. ఎవరూ మీకు జవాబు అందించకముందే కళ్లు మూసుకుని గుర్తు చేసుకుని రాసిపెట్టండి. గుర్తు రాకపోతే రాలేదనే రాయండి.

కేస్ షీట్‌లో చూడవలసినవి: తల ఏ నిమిషానికి వచ్చింది, ఒళ్లు ఏ నిమిషానికి వచ్చింది, ముందున్నది ఏ భుజం, ఏ పని ఎవరు చేశారు, పిల్లల డాక్టర్‌ను ఎప్పుడు పిలిచారు. ఇవన్నీ వరసగా రాసి ఉంటే ఆ గదిలో పద్ధతి ప్రకారం జరిగిందనుకోవడానికి ఆధారం ఉంటుంది. "కాన్పు కష్టమైంది, బిడ్డ క్షేమం" అని ఒక్క ముక్కలో ముగించి ఉంటే, అది ఆసుపత్రికే ఇబ్బంది. అయినా చెయ్యి దెబ్బతిన్నంత మాత్రాన ఎక్కువ బలంతో లాగారని తేలిపోదు. భుజం ఇరుక్కోని కాన్పుల్లోనూ, ఒక్కోసారి సిజేరియన్‌లోనూ ఈ దెబ్బ కనబడింది. అవతలి లాయర్ మొదట చెప్పబోయేది ఇదే. మీవారికి ముందే తెలిసి ఉండటం మంచిది.

"సిజేరియన్ చేసి ఉండాల్సింది" అని మీ బంధువులు అంటున్నారట. అది అంత సూటిగా లేదు. స్కానింగ్‌లో చెప్పే బరువు అంచనా మాత్రమే, అటూ ఇటూ పదో పదిహేనో శాతం తప్పుతుంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకాలు తల్లికి షుగర్ ఉంటే అంచనా బరువు 4.5 కిలోలు దాటినప్పుడు సిజేరియన్ గురించి ఆలోచించమంటాయి. మీది 4.1. అంటే ఆపరేషన్ చేయకపోవడమే తప్పని వాదించడం కష్టం. కాని చెయ్యకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. మొదటి ముడి ఇదే.

బ్రిటన్‌లో నాడీన్ మాంట్‌గోమరీ అనే తల్లి కథ మీ కథకు చాలా దగ్గర. ఆమెకు షుగర్ వ్యాధి, పొట్టి మనిషి, కడుపులో పెద్ద బిడ్డ. షుగర్ ఉన్న తల్లుల్లో భుజం ఇరుక్కునే అవకాశం 9 నుంచి 10 శాతం అని డాక్టర్‌కు తెలుసు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారని చెప్పలేదు. 1999లో బాబు పుట్టాడు. తలకూ ఒంటికీ మధ్య 12 నిమిషాలు. మెదడుకూ చేతికీ దెబ్బ తగిలింది. కింది కోర్టులు డాక్టర్ పక్షాన ఉన్నాయి. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పునిచ్చింది. ఆమె స్థానంలో ఉన్న మనిషి ఏ ప్రమాదాన్ని ముఖ్యమనుకుంటుందో దాన్ని, దాంతో పాటు వేరే దారులనూ చెప్పితీరాలంది. భారత సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ప్రత్యామ్నాయాలు, పెద్ద ప్రమాదాలు చెప్పాకే ఒప్పుకోలు తీసుకోవాలంది. ఎప్పుడో అరుదుగా జరిగే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అంది. ఇలాంటి వాదనలో కోర్టు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: చెప్పి ఉంటే ఏం చేసేవారు? "అప్పుడైనా మామూలు కాన్పే కోరుకునేదాన్ని" అన్నది మీ నిజమైన జవాబైతే ఈ ముడి అక్కడితో విడిపోయినట్టే. ఇప్పటి బాధను పక్కన పెట్టి, ఆ రోజు మీరెలా ఆలోచించేవారో మీకు మీరే చెప్పుకోండి. మొదటి కాన్పు తేలిగ్గా అయిన చాలామంది ఆపరేషన్ వద్దనే అంటారు.

సంతకం గురించి భయపడకండి. మీరు పెట్టిన సంతకం చికిత్సకు ఒప్పుకున్నట్టు. జాగ్రత్త లేకుండా చేసినా ఫర్వాలేదని రాసిచ్చినట్టు కాదు. ఆ కాగితం మీద "భుజం" అన్న మాట ఉందా, లేక ముందే అచ్చువేసిన నాలుగు వాక్యాలేనా అన్నది ఫైలు వచ్చాక చూడండి.

ఇక మూడో ముడి, వాయిదా. మీ ఉత్తరంలో దీనికి మీరు ఆరు వాక్యాలే ఇచ్చారు. నాకు మాత్రం ఇదే గట్టిగా కనబడుతోంది, చిక్కు కూడా ఇందులోనే ఉంది. నెల దాటినా మోచెయ్యి మడవని బిడ్డను నిపుణుల దగ్గరికి పంపకపోవడం, ఫిజియోథెరపీ మాట ఎత్తకపోవడం, మూడు టీకాల సందర్శనల్లోనూ చెయ్యి పరీక్షించినట్టు రాయకపోవడం ఇవన్నీ కాగితం మీద తేదీలతో కనిపిస్తాయి. లేబర్ గదిలో ఎంత బలంతో లాగారన్నది ఏ కాగితం మీదా ఉండదు. మీరు డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపిన వీడియో, ఆమె "ఓపిక పట్టండమ్మా" అని పెట్టిన వాయిస్ మెసేజ్ ఉన్నాయన్నారు. ఫోన్ మార్చేముందు వాటిని భద్రం చేయండి.

చిక్కు ఏమిటంటే, పంపకపోవడం తప్పని తేలితే సరిపోదు. పంపి ఉంటే చెయ్యి ఇప్పటికంటే బాగుండేదని కూడా తేలాలి. ఇక్కడ సర్జన్లలోనే భేదాలున్నాయి. మూడో నెలకు మోచెయ్యి మడిచే కండరం మేలుకోకపోతే ఆపరేషన్ చేయాలన్నది పారిస్‌లో అలాన్ జిల్‌బెర్ నెలకొల్పిన పద్ధతి. టొరంటోలో తొమ్మిదో నెల దాకా గమనించి, బిడ్డ చేతికి బిస్కెట్ ఇచ్చి, పై చెయ్యి పక్కకు లేవకుండా పట్టుకుని, మెడ పెద్దగా వంచకుండా నోటిదాకా తీసుకెళ్లగలడా అని చూసే పరీక్ష ఉంది. మీ బాబుకు ఐదో నెల దాటాక కదలిక వచ్చింది. ఒక సర్జన్ "అప్పుడే చేయాల్సింది" అంటారు, ఇంకొకరు "నేనైనా ఆగేవాణ్ని" అంటారు. ఇంగ్లండులో 1957 నాటి బోలమ్ తీర్పునుంచి చాలా దేశాల కోర్టులు నమ్ముకున్న కొలత ఇది: బాధ్యత గల వైద్యుల్లో ఒక వర్గం సరేననే పద్ధతిలో చేస్తే, ఇంకో వర్గం కాదన్నంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. భారత సుప్రీంకోర్టు కూడా 2005లో జేకబ్ మాథ్యూ కేసులో దీన్నే అనుసరించింది. కాని ఆగుతూ గమనించడం వేరు, అసలు గమనించకపోవడం వేరు. మొదటిదాన్ని సమర్థించే వైద్యుల వర్గం ఉంది. రెండోదాన్ని సమర్థించే వర్గం ఉందనుకోను.

ఆలస్యపు కేసులు ఎంత నిర్దయగా తేలతాయో చూడండి. ఇంగ్లండులో మాల్కమ్ గ్రెగ్ అనే ఆయన చంకలో గడ్డను డాక్టర్ మామూలు కొవ్వు గడ్డ అన్నారు. అది క్యాన్సరని తొమ్మిది నెలల తర్వాత బయటపడింది. ఆ ఆలస్యంతో ఆయన నయమయ్యే అవకాశం 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయిందని కోర్టే ఒప్పుకుంది. డాక్టర్ తప్పుందనీ ఒప్పుకుంది. అయినా 2005లో ఆయన ఓడిపోయారు. ముందే కనిపెట్టినా నయమయ్యే అవకాశం సగానికి తక్కువే కదా, కాబట్టి ఆలస్యమే కారణమని చెప్పలేమన్నారు. నాకు ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. మీ లాయర్ మాత్రం అలాంటి లెక్కకు సిద్ధపడి ఉండాలి.

అందుకే, ఏడో నెలలో చూసిన డాక్టర్ అన్న "మూడో నెలకే తీసుకురావలసింది" అనే మాటను తీర్పులా పట్టుకోకండి. ఆయన మీ ఫైలు చూడలేదు. మనసులో మాట పైకి అన్నారు. అదే ఆయన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే ఎంతవరకు నిలబడతారో తెలియదు.

మీరు చేయగలిగిన పనులు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్ని ఒకదానికొకటి అడ్డుపడవు. మీ పేరుతోనూ బాబు పేరుతోనూ విడివిడిగా మొత్తం రికార్డు నకలు కోరుతూ అర్జీ ఇవ్వండి. కోపం లేని రెండు వాక్యాలు చాలు, "పై వైద్యానికి కావాలి" అనండి, అది నిజమే కదా. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇస్తే తీసుకుని, కేస్ షీటు, నర్సుల నోట్సు, బిడ్డ గుండె చప్పుడు గ్రాఫులు, స్కానింగ్ రిపోర్టులు కూడా కావాలని మళ్లీ రాయండి. భారతదేశంలో వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. బ్రిటన్‌లో గడువు నెల, అమెరికాలో 30 రోజులు. వచ్చిన కాగితాల మీద పెన్నుతో ఏమీ రాయకండి, గీతలు కూడా గీయకండి.

రికార్డు చేతికొచ్చాక ఆ డాక్టర్‌తో ఒకసారి కూర్చుని "ఏం జరిగిందో మాకు చెప్పండి" అని అడగొచ్చు. మీ అత్తగారి మాటకు నేను ఇచ్చే విలువ ఇక్కడే. చాలా కుటుంబాలకు కావలసింది డబ్బు కాదు, ఆ కొద్ది నిమిషాల్లో ఏం జరిగిందో ఎవరో ఒకరు దాచకుండా చెప్పడం. డాక్టర్లు లాయర్ల భయంతో నోరు మెదపరు. ఇంగ్లండు చట్టం క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పొప్పుకున్నట్టు కాదని 2006లోనే రాసింది, అయినా ఆ భయం పోలేదు. మీ డాక్టర్ మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు. మాట్లాడినా మీరు వెతికేది దొరక్కపోవచ్చు. రికార్డు తీసుకోకముందు మాత్రం ఈ భేటీకి వెళ్లొద్దు.

వైద్య మండలికి ఫిర్యాదు చేస్తే వాళ్లు డాక్టర్ నడవడిని విచారిస్తారు. హెచ్చరించవచ్చు, లైసెన్సు కొంతకాలం ఆపవచ్చు. బాబు వైద్యానికి పైసా రాదు. నష్టపరిహారం కావాలంటే సివిల్ దారి. భారతదేశంలో ఎక్కువమంది వెళ్లేది వినియోగదారుల కమిషన్‌కు. ఫీజు తీసుకునే ఆసుపత్రులు దాని కిందికొస్తాయని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది, అందరికీ పూర్తిగా ఉచితంగా చేసేవి రావంది. న్యూజిలాండులో ఉంటే ఎవరి తప్పో నిరూపించే గొడవే లేదు, వైద్యంలో జరిగిన హానికి ప్రభుత్వ సంస్థే ఖర్చు భరిస్తుంది. ఎక్కడున్నా సివిల్ దారి ఏళ్ల తరబడి సాగుతుంది. మాంట్‌గోమరీ బాబుకు తీర్పు వచ్చేసరికి పదిహేనేళ్లు నిండాయి. నాడీన్ గెలిచింది, 52 లక్షల 50 వేల పౌండ్లు వచ్చాయి. అయితే అది జీవితాంతం సంరక్షణ కావలసిన బిడ్డ కేసు. చేతి దెబ్బకు లెక్క వేరుగా ఉంటుంది.

మీవారు అంటున్న పోలీసు దారిని నేను ప్రోత్సహించను. భారతదేశంలో జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. మీ ఉత్తరంలో ఉన్నదాంట్లో ఆ స్థాయి నాకు కనబడలేదు. అక్కడ ఓడితే ఆ కాగితం సివిల్ కేసులో మీకే ఎదురు తిరగవచ్చు. ఫేస్‌బుక్‌లో రాద్దామన్న ఆలోచన కూడా మానమనండి. డాక్టర్ పేరు పెట్టి రాసిన పోస్టుకు పరువునష్టం నోటీసు వస్తే, మీ డబ్బూ ఓపికా అటు పోతాయి.

అసలు కేసే వద్దనుకోవడమూ ఒక నిర్ణయమే, అందులో తప్పు లేదు. కాకపోతే గడువు తెలుసుకుని వద్దనుకోండి. భారత వినియోగదారుల చట్టంలో గడువు రెండేళ్లు. కాన్పు రోజునుంచి లెక్కిస్తే మీకు ఇంకా 16 నెలలు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఇంగ్లండులో పిల్లల విషయంలో మూడేళ్ల గడువు 18వ పుట్టినరోజు నుంచే మొదలవుతుంది. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీరు ఏ దేశంలో ఉన్నారో రాసి ఉంటే ఇంకొంచెం సూటిగా చెప్పేవాణ్ని. "గెలిస్తేనే ఫీజు" అన్న లాయర్ అమెరికాలోనైతే అది మామూలు ఒప్పందం, నిపుణుల ఖర్చు, ఓడితే అయ్యే ఖర్చు ఎవరిదో కాగితం మీద అడగండి. భారతదేశంలోనైతే బార్ కౌన్సిల్ నిబంధనలు అలాంటి ఫీజును ఒప్పుకోవు. ఆ మాటతోనే మొదలుపెట్టిన లాయర్‌తో నేనైతే ముందుకు వెళ్లను.

నోరు కట్టుకోలేదన్నారు. గర్భంలో షుగర్ రావడం తిండి ఒక్కదానివల్ల జరగదు. మాయ విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పని చేయనివ్వవు. వంశంలో ఉన్నవాళ్లకు, వయసు పెరిగినవాళ్లకు, ఇదివరకు పెద్ద బిడ్డ పుట్టినవాళ్లకు ఇంకా ఎక్కువ. ఇక భుజం ఇరుక్కుంటే ఏం చేయాలో తెలిసి ఉండాల్సింది ఆ గదిలో మీకు తప్ప మిగతా అందరికీ. ఆ తర్వాత ప్రతి టీకాకీ వెళ్లి చెయ్యి చూపించి అడిగింది మీరే. ఏ కోర్టులోనైనా మీ వైపున్న బలమైన సాక్ష్యం అదే.

సర్జన్ దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేయండి. బాబును నేలమీద కూర్చోబెట్టి ఆ బొమ్మను కుడివైపు పెట్టి, ఎడమచేతిని మీవారు మెల్లగా పట్టుకుంటే, అతను ఏం చేస్తాడో రెండు నిమిషాలు వీడియో తీయండి. చొక్కా విప్పేసి తీయండి, భుజం ఎముక కదలిక కూడా కనబడాలి. వారానికొకటి చొప్పున అలాగే తీసుకుంటూ పోండి. ఒక్కటీ కత్తిరించకండి, చెరపకండి, తేదీ ఫోనే రాసుకుంటుంది.